సాకెట్‌లో డేటా అయిపోయిందని అవతలి పక్కకి ఎలా చెప్పాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. క్లయింట్ టీసీపీ సాకెట్ (నెట్‌వర్క్ మీద రెండు ప్రోగ్రాములను కలిపే కనెక్షన్ కొస) మీద ఒక ఫైల్ పంపుతుంది. సర్వర్ లూప్‌లో రిసీవ్ చేసుకుంటూ పోయి, సున్నా వచ్చినప్పుడు ఫైల్ అయిపోయిందని లెక్కేసి, "అందింది" అని జవాబు పంపాలి. క్లయింట్ ఉన్నదంతా పంపేసి ఆ జవాబు కోసం కూర్చుంటుంది. తీరా చూస్తే రెండు పక్కలా నిశ్శబ్దం: ఎర్రర్ లేదు, జవాబు లేదు. క్లయింట్‌ని కంట్రోల్-సీ కొట్టి ఆపితే మాత్రం సర్వర్ ఉలిక్కిపడి లేచి, ఫైల్ పూర్తిగా అందిందంటోంది. చివర్లో ఈఓఎఫ్ (ఎండ్ ఆఫ్ ఫైల్) అక్షరం పంపి చూసినా మార్పు లేదు.

కంట్రోల్-సీ దగ్గర ఏం జరిగిందో పట్టుకుంటే చిక్కుముడి విడిపోతుంది. ప్రాసెస్ చచ్చిపోగానే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దాని సాకెట్లన్నిటినీ మూసేస్తుంది. మూస్తూ అవతలికి ఫిన్ అనే జెండా ఉన్న సెగ్మెంట్ (టీసీపీ ప్యాకెట్) పంపుతుంది. రిసీవ్ సున్నా ఇచ్చేది ఆ ఫిన్ అందాకనే, అదీ దానికి ముందు వచ్చిన బైట్లన్నీ మీరు చదివేశాకే. "ప్రస్తుతానికి ఏమీ రాలేదు" అనడానికి సున్నా రాదు. బ్లాకింగ్ సాకెట్ అయితే రిసీవ్ అక్కడే ఆగి ఎదురుచూస్తుంది. నాన్‌బ్లాకింగ్ అయితే మైనస్ ఒకటి ఇచ్చి ఎర్ర్‌నోలో ఈఅగైన్ ("మళ్లీ ప్రయత్నించు") పెడుతుంది. మీ క్లయింట్ జవాబు చదవాలి కాబట్టి సాకెట్ మూయలేదు. మూయలేదు కాబట్టి ఫిన్ వెళ్లలేదు. సర్వర్ ఫిన్ కోసం, క్లయింట్ జవాబు కోసం కూర్చున్నాయి. ఇది 1996లోనే హెచ్‌టీటీపీ 1.0 పత్రంలో రాసిపెట్టిన ఇబ్బందే: రిక్వెస్ట్ బాడీ ముగింపును కనెక్షన్ మూసి చెప్పడానికి వీల్లేదు, ఎందుకంటే అలా మూసేస్తే సర్వర్ జవాబు పంపడానికి దారే ఉండదు.

ఈఓఎఫ్ అక్షరం సంగతి ముందు తేల్చేద్దాం. అలాంటి అక్షరం లేదు. సీ భాషలో ఈఓఎఫ్ అనేది ఒక రిటర్న్ విలువకి పెట్టిన పేరు, మామూలుగా మైనస్ ఒకటి. దాన్ని ఒక బైట్‌లోకి కుక్కి పంపితే 255 వెళ్తుంది, అవతల అది ఫైల్ చివర ఒక చెత్త బైట్‌గా చేరుతుంది. టెర్మినల్‌లో కంట్రోల్-డీ నొక్కితే ఇన్‌పుట్ ఆగేది కూడా టెర్మినల్ డ్రైవర్ పుణ్యమే: ఆ బైట్‌ను అదే మింగేసి, రీడ్‌ను ఉన్నదానితో వెనక్కి పంపేస్తుంది. సాకెట్‌కి అలాంటి డ్రైవర్ లేదు. దానికి 0 నుంచి 255 వరకూ ఏ బైట్ అయినా ఒకటే.

ఇక మీ ప్రోగ్రామ్‌ను ఈ క్షణంలో కదిలించే మార్పు ఒక్క లైను. ఫైల్ మొత్తం పంపాక క్లయింట్‌లో సాకెట్ మీద షట్‌డౌన్ పిలవండి, షట్_డబ్ల్యూఆర్ ఇచ్చి. దీనర్థం "ఇక నేను పంపను, వింటాను మాత్రం". కెర్నల్ క్యూలో మిగిలిన బైట్లన్నీ వెళ్లాక వాటి వెనకే ఫిన్ వెళ్తుంది, సర్వర్‌లో రిసీవ్ సున్నా ఇస్తుంది, సర్వర్ జవాబు రాస్తుంది, క్లయింట్ అదే సాకెట్ మీద చదువుకుంటుంది. జావాలో దీని పేరు షట్‌డౌన్‌అవుట్‌పుట్, గోలో టీసీపీ కనెక్షన్ మీద క్లోజ్‌రైట్, డాట్‌నెట్‌లో షట్‌డౌన్‌కి సెండ్ అనే విలువ ఇవ్వడం. అవతల ముగింపు కనిపించే తీరు కూడా భాషను బట్టి మారుతుంది: పైథాన్‌లో ఖాళీ బైట్స్, జావాలో రీడ్‌కి మైనస్ ఒకటి, రీడ్‌లైన్‌కి నల్, గోలో ఐఓ ఈఓఎఫ్ ఎర్రర్.

జావావాళ్లు ఇక్కడ రెండు చోట్ల కాలు జారతారు. సాకెట్ నుంచి తీసుకున్న అవుట్‌పుట్ స్ట్రీమ్‌ను క్లోజ్ చేస్తే సాకెట్ మొత్తం మూసుకుపోతుంది, జవాబు చదివే పక్క కూడా. రెండోది, బఫర్డ్ రైటర్ పెట్టుకుని ఫ్లష్ చేయకుండా షట్‌డౌన్‌అవుట్‌పుట్ పిలిస్తే చివరి కొన్ని వేల బైట్లు మీ ప్రాసెస్‌లోనే మిగిలిపోతాయి. ముందు ఫ్లష్, తర్వాతే షట్‌డౌన్. పైథాన్‌లో మేక్‌ఫైల్ వాడినా, సీలో ఎఫ్‌డీఓపెన్ వాడినా ఇదే క్రమం.

క్లోజ్‌కీ షట్‌డౌన్‌కీ ఇంకో తేడా ఉంది, ఫోర్క్ చేసే (తన నకలుగా చైల్డ్ ప్రాసెస్‌లను పుట్టించే) సర్వర్లలో ఇది గంటల కొద్దీ తినేస్తుంది. క్లోజ్ మూసేది మీ డిస్క్రిప్టర్‌ను (సాకెట్‌కి మీ ప్రాసెస్ దగ్గరున్న పిడి లాంటి సంఖ్య) మాత్రమే. అదే సాకెట్‌ను పట్టుకున్న కాపీ చైల్డ్ ప్రాసెస్‌లో ఒకటి మిగిలినా ఫిన్ వెళ్లదు. పేరెంట్ క్లోజ్ చేసింది, లాగ్‌లో క్లోజ్ చేసినట్టే ఉంది, అవతల మాత్రం ఎదురుచూపే. షట్‌డౌన్‌కి ఈ లెక్కలతో పని లేదు, ఎన్ని కాపీలున్నా కనెక్షన్ మీదే పనిచేస్తుంది. అయినా సాకెట్లను క్లోజ్-ఆన్-ఎగ్జెక్ జెండాతో తెరవడం అలవాటు చేసుకోండి. ఎప్పుడో పుట్టించిన షెల్ కమాండ్ మీ సాకెట్‌ను వారసత్వంగా పట్టుకు కూర్చోవడం చాలా మామూలు.

రిసీవ్ సున్నా ఇచ్చిందంటే అవతలివాళ్లు ఆపేశారనే అనుకోకండి కూడా. బఫర్ పొడవు సున్నా అని పిలిస్తే సున్నాయే వస్తుంది. "అలా ఎవరు పిలుస్తారు" అంటారా? 4096 బైట్ల బఫర్‌లో నింపుకుంటూ, ప్రతిసారీ "4096 మైనస్ ఇప్పటిదాకా వచ్చినవి" అని అడిగే కోడ్ పిలుస్తుంది. బఫర్ నిండిన మరుక్షణం అడిగేది సున్నా, వచ్చేది సున్నా, ప్రోగ్రామ్ అది ముగింపు అనుకుంటుంది. సరిగ్గా 4096 బైట్ల దగ్గర ఫైళ్లు తెగిపోతుంటే ముందు ఇది చూడండి. కనెక్షన్ లేకుండా విడి ప్యాకెట్లు (డేటాగ్రామ్‌లు) పంపే యూడీపీలో అయితే సున్నా అంటే ఖాళీ డేటాగ్రామ్ వచ్చిందని, అంతే.

ఇప్పుడు అసలు విషయం. మీ ప్రశ్నలో మీరు చూసీ పట్టించుకోనిది ఒకటుంది: క్లయింట్‌ను చంపితే సర్వర్ "ఫైల్ పూర్తిగా అందింది" అంది. ఆ పరీక్షలో నిజంగానే మొత్తం వెళ్లిపోయింది కాబట్టి సరిపోయింది. ఫైల్ సగంలో ఉండగా చంపి ఉంటే? అప్పుడూ కెర్నల్ ఫిన్నే పంపుతుంది, అప్పుడూ సున్నాయే వస్తుంది, అప్పుడూ సర్వర్ అదే మాట అంటుంది. పని ముగించుకుని మర్యాదగా సెలవు తీసుకున్న క్లయింట్‌కీ, సగంలో మెమరీ చాలక కెర్నల్ చంపేసిన క్లయింట్‌కీ ఫిన్‌లో తేడా లేదు. "ఇక బైట్లు రావు" అన్నది ఫిన్ అర్థం. "రావలసినవన్నీ వచ్చాయి" అన్నది దానికి తెలియదు. కనెక్షన్ ముగింపు వేరు, డేటా ముగింపు వేరు. రెండోదాన్ని డేటాలోనే చెప్పాలి.

అందుకే షట్‌డౌన్‌ను నేను ఒక మర్యాద అనే అనుకుంటాను, రుజువు అనుకోను. ఒక కనెక్షన్‌కి ఒక్క ఫైలే అయినా సరే, పొడవు ముందే చెప్పండి. ఒకే కనెక్షన్ మీద రెండో ఫైల్ కూడా పంపాలంటే ఎలాగూ వేరే దారి లేదు, ఎందుకంటే షట్‌డౌన్ చేసిన దిశను మళ్లీ తెరవడం కుదరదు.

పొడవు ముందు పెట్టే పద్ధతి చూడటానికి సులువు. నాలుగు బైట్లలో (4 గిగాబైట్లు దాటేవాటికి ఎనిమిది) పొడవు, వెనకే అన్ని బైట్ల డేటా. ముందున్న పొడవు హెడర్, వెనకున్న డేటా బాడీ, రెండూ కలిపి ఒక ఫ్రేమ్. తప్పులన్నీ చదివే పక్క జరుగుతాయి. టీసీపీకి మెసేజ్ అనే ఊహే లేదు; మీరు మూడు సార్లు సెండ్ చేసినవి అవతల ఒకే రిసీవ్‌లో రావచ్చు, ఒకసారి పంపినది ఏడు ముక్కలుగా రావచ్చు. నాలుగు బైట్ల పొడవు కూడా రెండు, రెండుగా తెగి రావచ్చు. కాబట్టి ఎన్ని కావాలో అన్నీ వచ్చేదాకా చదివే ఒక ఫంక్షన్ రాసుకుని, రిసీవ్‌ను ఇంకెక్కడా నేరుగా తాకకండి:

సరిగ్గా_చదువు(సాకెట్, కావలసినవి):
    వచ్చినవి = ఖాళీ
    పొడవు(వచ్చినవి) < కావలసినవి అయినంతసేపు:
        ముక్క = సాకెట్.రిసీవ్(కావలసినవి − పొడవు(వచ్చినవి))
        ముక్క ఖాళీ అయితే:
            వచ్చినవి కూడా ఖాళీ అయితే "ఫ్రేమ్ హద్దు దగ్గర ముగిసింది" అని తిరిగివ్వు
            లేకపోతే "మధ్యలో తెగింది" అనే ఎర్రర్
        వచ్చినవి = వచ్చినవి + ముక్క
    వచ్చినవి తిరిగివ్వు

హెడర్ చదివేటప్పుడు "ఫ్రేమ్ హద్దు దగ్గర ముగిసింది" అని వస్తే అది సరైన వీడ్కోలు. బాడీ చదివేటప్పుడు అదే వస్తే అది కూడా తెగిపోవడమే, ఎందుకంటే హెడర్ ఇన్ని బైట్లు వస్తాయని మాటిచ్చింది. ఈ ఒక్క తేడా పాటిస్తే సగంలో చచ్చిన క్లయింట్ మీ సర్వర్‌ను మోసం చేయలేదు. పొడవు సున్నా ఉన్న ఫైల్ వస్తే లూప్ అసలు తిరగదు, సున్నా పొడవుతో రిసీవ్ పిలిచే ప్రమాదమూ ఉండదు. పంపే పక్క కూడా సెండ్ అడిగినదానికంటే తక్కువ తీసుకోవచ్చు; పైథాన్‌లో సెండ్ బదులు సెండ్ఆల్, సీలో మీరే లూప్.

బైట్ల క్రమం రెండు పక్కలా ఒకటే ఉండాలి, ఆనవాయితీ పెద్ద బైట్ ముందు. తప్పితే లక్షణం స్పష్టంగా కనిపిస్తుంది: 5 అని పంపితే 8,38,86,080 అని చదువుకుంటుంది, 5ని 16777216తో గుణించినట్టు. సర్వర్ ఆ ఎనిమిది కోట్ల బైట్ల కోసం నిరవధికంగా కూర్చుంటుంది. మీకేమో మళ్లీ పాత రోగమే తిరగబెట్టినట్టు ఉంటుంది.

గరిష్ఠ పరిమితి పెట్టకుండా ఆ పొడవును నమ్మి మెమరీ కేటాయించకండి. లాగ్‌లో ఎప్పుడైనా "పొడవు 1195725856" అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, మీ పోర్ట్‌కి ఎవరో బ్రౌజర్‌తోనో హెల్త్ చెక్‌తోనో వచ్చారు. హెచ్‌టీటీపీ రిక్వెస్ట్‌లో మొదటి నాలుగు బైట్లు జీ, ఈ, టీ, ఒక స్పేస్: 71, 69, 84, 32. వాటిని పెద్ద బైట్ ముందు పెట్టి ఒకే సంఖ్యగా చదివితే వచ్చేది అదే. పరిమితి లేని సర్వర్ ఒకటింబావు గిగాబైట్ దాకా మెమరీ అడిగి చతికిలబడుతుంది.

ఇక తెలుగు వచనం పంపేవాళ్లకి ప్రత్యేకంగా ఒకటి. పొడవు అంటే బైట్ల పొడవు. "తెలుగు" అనే మాటకి పైథాన్‌లో లెన్ పిలిస్తే 6 వస్తుంది: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు, మొత్తం 18. హెడర్‌లో 6 రాసి 18 పంపితే అవతల "తె" దాకా చదివి, ఆపైన వచ్చే "లు"లోని మొదటి నాలుగు బైట్లను తర్వాతి ఫ్రేమ్ పొడవు అనుకుంటుంది. అక్కడి నుంచి స్ట్రీమ్ మొత్తం పట్టాలు తప్పినట్టే, మళ్లీ దారిలోకి రాదు. ఇంగ్లీషు వచనంతో పరీక్షించినంత కాలం ఇది బయటపడదు, అక్కడ అక్షరానికి ఒక బైటే కాబట్టి. ముందు ఎన్‌కోడ్ చేసి, వచ్చిన బైట్లను కొలవండి. చదివేటప్పుడు దీనికి తలకిందులు: ఫ్రేమ్ మొత్తం చేరాకే డీకోడ్. వచ్చిన ముక్కను వచ్చినట్టు డీకోడ్ చేస్తే మూడు బైట్ల అక్షరం రెండు ముక్కల మధ్య చీలినప్పుడు ఎర్రర్ వస్తుంది. అది కూడా ఎప్పుడు వస్తుందో ముందే చెప్పలేం.

మొత్తం పొడవు ముందే తెలియకపోతే, అంటే అప్పటికప్పుడు పుట్టే డేటా అయితే, ముక్కలుగా పంపి ప్రతి ముక్కకీ దాని పొడవు పెట్టండి. పొడవు సున్నా ఉన్న ముక్క వస్తే అయిపోయినట్టు. హెచ్‌టీటీపీ 1.1లో చంక్‌డ్ ఎన్‌కోడింగ్ చేసేది ఇదే, పొడవును పదహారు మూలంగా అక్షరాల్లో రాస్తుంది, అంతే తేడా. ఇక్కడ ఒక చెడ్డ అలవాటు జాగ్రత్త: డేటా పుట్టించే చోట ఎర్రర్ వచ్చినా ఫైనల్లీ బ్లాక్‌లో ఆ సున్నా ముక్కను పంపేయడం. అలా చేస్తే విరిగిన డేటాకి మీరే ముద్ర వేసి "సంపూర్ణం" అని పంపినట్టు. ఎర్రర్ వస్తే సున్నా ముక్క పంపకుండా కనెక్షన్ తెంపండి, లేదా ప్రోటోకాల్ మీ చేతిలోనే ఉంటే ప్రతి ముక్క ముందు ఒక రకం బైట్ పెట్టి "డేటా", "అయిపోయింది", "చెడింది" అని మూడు అర్థాలు ఇవ్వండి. క్విక్ అనే రవాణా ప్రోటోకాల్‌లో ఈ ఆలోచన ప్రోటోకాల్‌లోనే ఉంది: స్ట్రీమ్ మామూలుగా ముగిస్తే ఫిన్ బిట్, మధ్యలో వదిలేస్తే రీసెట్ స్ట్రీమ్ అనే వేరే ఫ్రేమ్. హెచ్‌టీటీపీ 2 కూడా ఎండ్ స్ట్రీమ్ జెండానీ రీసెట్‌నీ విడిగా ఉంచింది.

వచనం మాత్రమే పంపేచోట లైను చివర గుర్తుతో ముగించడం హాయి. చేత్తో టైప్ చేసి పరీక్షించవచ్చు, లాగ్‌లో కంటితో చదవచ్చు. లైనుకో జేసన్ పంపడం ఇందుకే బాగా నడుస్తుంది: జేసన్ స్ట్రింగ్ లోపల న్యూలైన్ ఎలాగూ ఎస్కేప్ అయి ఉండాలి కాబట్టి, ప్రతి రికార్డునూ ఒకే లైనులో రాస్తే గుర్తు డేటాలో దొరకదు. డేటాలో గుర్తు దొరికే అవకాశం ఉందంటే మాత్రం మొదటికే మోసం. మెయిల్ పంపే ఎస్ఎంటీపీలో సందేశం ముగింపు అంటే ఒక లైనులో ఒంటరి చుక్క. అందుకని చుక్కతో మొదలయ్యే ప్రతి లైనుకీ పంపేవాళ్లు ఇంకో చుక్క చేర్చాలి, తీసుకునేవాళ్లు తీసేయాలి. ఆ లైను ముగింపు క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ జంటగా ఉండాలా, ఒంటరి లైన్ ఫీడ్ చాలా అన్న దగ్గర సర్వర్ల మధ్య తేడాలుండటమే 2023 డిసెంబరులో బయటపడ్డ ఎస్ఎంటీపీ స్మగ్లింగ్‌కి మూలం. ఒక సర్వర్ సందేశం ఇంకా నడుస్తోందనుకున్న చోట రెండోది అయిపోయిందనుకుంది, మిగిలినదాన్ని కొత్త మెయిల్‌గా తీసుకుంది. ముగింపు గుర్తును ఉదారంగా అర్థం చేసుకోవడం మంచితనం కాదు, రంధ్రం. హెచ్‌టీటీపీలో కంటెంట్ లెంగ్త్, చంక్‌డ్ రెండూ ఉన్న రిక్వెస్ట్‌ను ఒక ప్రాక్సీ ఒకలా, వెనక సర్వర్ ఇంకోలా కొలిస్తే వచ్చేదీ ఈ రకం గొడవే.

గుర్తును వెతికే కోడ్‌లో రెండు అక్షరాల గుర్తు చీలడాన్ని మరచిపోవద్దు: క్యారేజ్ రిటర్న్ ఒక రిసీవ్ చివర, లైన్ ఫీడ్ తర్వాతి రిసీవ్ మొదట. పోగైన బఫర్‌లో వెతకాలి, కొత్తగా వచ్చిన ముక్కలో కాదు. గుర్తు తర్వాత మిగిలిన బైట్లు తర్వాతి సందేశానివి, పారేయకూడదు. లైను పొడవుకి కూడా పరిమితి ఉండాలి, లేదంటే న్యూలైన్ ఎప్పటికీ పంపని క్లయింట్ ఒక్కటి చాలు మీ మెమరీ నింపడానికి.

చాలా సమాధానాల్లో కనిపించే మూడు అడ్డదారులను మాత్రం వాడకండి. బఫర్ నిండకుండా వస్తే అదే చివరి ముక్క అనుకోవడం. జావాలో అవైలబుల్ (ఇప్పటికిప్పుడు చదవగల బైట్ల సంఖ్య) సున్నా ఇస్తే అయిపోయిందనుకోవడం. 200 మిల్లీసెకన్లు ఏమీ రాకపోతే ముగిసిందనుకోవడం. మూడూ మీ మెషీన్‌లోనే క్లయింటూ సర్వరూ నడిపితే చక్కగా పనిచేస్తాయి. లినక్స్ లూప్‌బ్యాక్‌లో (మెషీన్ తనతో తనే మాట్లాడుకునే దారి) ప్యాకెట్ పరిమాణం 65536 దాకా ఉంటుంది కాబట్టి మీరు పంపినది దాదాపు పంపినట్టే చేరుతుంది. నిజమైన ఈథర్నెట్ మీద ఒక సెగ్మెంట్‌లో పట్టేది 1460 బైట్లు, మధ్యలో ఒకటి పోయి మళ్లీ పంపాల్సి వస్తే విరామం 200 మిల్లీసెకన్లు దాటడం పెద్ద విషయం కాదు. "బఫర్ నిండలేదంటే అయిపోయింది" అనే నియమం న్యాయంగా పనిచేసేది యూడీపీ మీద నడిచే చిన్న ఫైల్ బదిలీ ప్రోటోకాల్ టీఎఫ్‌టీపీలో: అక్కడ ప్రతి డేటాగ్రామ్‌లో 512 బైట్లు, అంతకన్నా తక్కువ వస్తే అదే చివరిది. ఫైల్ పొడవు సరిగ్గా 512 గుణిజమైతే ఆఖరున ఖాళీ బ్లాక్ ఒకటి పంపి తీరాలని 1992 నాటి పత్రం చెబుతుంది. యూడీపీలో డేటాగ్రామ్ హద్దులు నిలబడతాయి కాబట్టి అది చెల్లింది. టీసీపీలో చెల్లదు.

ఇప్పుడు మూసే పద్ధతి, ఎందుకంటే ముగింపు సరిగ్గా చెప్పి మూయడంలో చెడగొట్టేవాళ్లు తక్కువేమీ కాదు. మీ సర్వర్ ఫైల్ మరీ పెద్దదని తిరస్కరించి, "పరిమితి దాటింది" అని రాసి వెంటనే క్లోజ్ చేసిందనుకోండి. క్లయింట్ ఇంకా పంపుతూనే ఉంది, మీ రిసీవ్ బఫర్‌లో చదవని బైట్లున్నాయి. చదవని డేటా ఉండగా క్లోజ్ చేస్తే లినక్స్ ఫిన్ బదులు రీసెట్ (కనెక్షన్‌ను ఉన్నపళంగా తెంపే సెగ్మెంట్) పంపుతుంది. ఆ రీసెట్ అందగానే క్లయింట్ కెర్నల్ తన దగ్గర ఇంకా చదవని జవాబును కూడా పారేయవచ్చు. మీరు శ్రద్ధగా రాసిన ఎర్రర్ సందేశం ఎవరూ చదవరు, క్లయింట్‌కి "కనెక్షన్ రీసెట్ బై పీర్" ఒక్కటే కనిపిస్తుంది. విరుగుడు: జవాబు రాయి, షట్_డబ్ల్యూఆర్ చెయ్యి, సున్నా వచ్చేదాకా చదివి పారేయి, అప్పుడు క్లోజ్. చదివి పారేయడానికి గడువు పెట్టాలి, లేకపోతే మొండి క్లయింట్ మిమ్మల్ని పట్టుకు కూర్చుంటుంది. ఎన్‌జింక్స్ వెబ్ సర్వర్ దీన్నే లింగరింగ్ క్లోజ్ అంటుంది, డిఫాల్ట్‌గా ఒక్కో విరామానికి 5 సెకన్లు, మొత్తానికి 30 సెకన్లు ఇస్తుంది. మీ సర్వర్‌కీ ఆ అంకెలు చాలు. టైమ్ వెయిట్ సాకెట్లు (మూశాక కూడా కెర్నల్ కాసేపు ఉంచేవి) పెరిగిపోతున్నాయని ఎస్ఓ లింగర్ అనే సాకెట్ ఆప్షన్‌ను సున్నా సెకన్లకి పెట్టమనే సలహా ఎక్కడైనా కనిపిస్తే, అది ప్రతి క్లోజ్‌నూ రీసెట్‌గా మార్చే మందు. రోగం కన్నా అదే చేటు.

సెండ్ విజయవంతంగా తిరిగొచ్చిందంటే బైట్లు మీ కెర్నల్ బఫర్‌లోకి వెళ్లాయని మాత్రమే. అవతలి కెర్నల్ ఏసీకే (బైట్లు చేరాయన్న రసీదు) ఇచ్చినా అవతలి ప్రోగ్రామ్ చదివిందని కాదు, చదివినా డిస్క్ మీద రాసిందని కాదు. కాబట్టి మీరు సర్వర్ నుంచి కోరుతున్న "అందింది" అనే జవాబు సరైన ఆలోచనే, దాన్ని వదలొద్దు. పొడవు సరిపోలాక, తాత్కాలిక పేరుతో రాసిన ఫైల్‌ను ఎఫ్‌సింక్ చేసి (డిస్క్ మీదకి నిజంగా రాయించి), అసలు పేరుకి మార్చాకే ఆ జవాబు పంపించండి. జవాబు దారిలో పోతే క్లయింట్ మళ్లీ పంపుతుంది. అందుకని ప్రతి అప్‌లోడ్‌కీ క్లయింటే ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వాలి, రెండోసారి వచ్చినదాన్ని సర్వర్ కొత్తది అనుకోకుండా. ఎఫ్‌టీపీ కూడా ఇలాగే బతికింది: మామూలు మోడ్‌లో డేటా కనెక్షన్ మూయడమే ఫైల్ ముగింపు, కానీ కంట్రోల్ కనెక్షన్ మీద 226 అనే జవాబు వచ్చాకే బదిలీ సఫలం.

ఫిన్ కూడా రాని చావు ఒకటుంది: కరెంటు పోయింది, కేబుల్ ఊడింది, మధ్యలో ఫైర్‌వాల్ కనెక్షన్‌ను మరిచిపోయింది. పంపుతున్న పక్కకి ఎప్పటికో తెలుస్తుంది. లినక్స్ డిఫాల్ట్‌గా 15 సార్లు మళ్లీ ప్రయత్నించి దాదాపు పదిహేను నిమిషాలకి చేతులెత్తేస్తుంది. ఊరికే వింటున్న పక్కకి ఎన్నటికీ తెలియదు. కీప్అలైవ్ (ఊరికే ఉన్న కనెక్షన్ బతికుందో లేదో కెర్నల్ తట్టి చూడటం) ఆన్ చేస్తే తెలుస్తుంది గానీ డిఫాల్ట్ అంకెలు 7200 సెకన్ల విరామం, ఆపైన 75 సెకన్లకొకటి చొప్పున 9 ప్రయత్నాలు, అంటే 2 గంటల 11 నిమిషాలు. అంతసేపు ఆగలేరు కదా. అప్లికేషన్ స్థాయిలో రీడ్ టైమౌట్ పెట్టండి. టైమౌట్ అయితే దానర్థం ఎప్పుడూ "చెడింది", ఎప్పుడూ "ముగిసింది" కాదు.

టీఎల్ఎస్ (కనెక్షన్ మీద వెళ్లే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే పొర) వాడుతుంటే ఫిన్‌కి ఉన్న కాస్త విలువ కూడా పోతుంది. ఫిన్‌కి ఎన్‌క్రిప్షన్ లేదు, దారిలో ఎవరైనా దొంగ ఫిన్ పంపి మీ డేటాను మధ్యలో కత్తిరించగలరు. అందుకే టీఎల్ఎస్‌కి సొంతంగా క్లోజ్ నోటిఫై అనే సందేశం ఉంది. అది రాకుండా సాకెట్ మూసుకుపోతే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3.0 నుంచి "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఈఓఎఫ్" అని ఎర్రర్ ఇస్తుంది. పాత వెర్షన్ నుంచి మారినవాళ్లు దీన్ని చిరాకుగా భావించి ఆ ఎర్రర్‌ను అణచే ఆప్షన్ పెట్టేస్తుంటారు. డేటాలోనే పొడవు ఉండి, మొత్తం వచ్చాక ఆ ఎర్రర్ వస్తే పట్టించుకోనక్కర్లేదు. లేకపోతే అది నిజమైన హెచ్చరిక. సగం మూయడం (పంపే దిశను మాత్రమే మూసి వింటూ ఉండటం) టీఎల్ఎస్ 1.2లో ఆశించకండి: క్లోజ్ నోటిఫై అందుకున్న పక్క పంపాల్సినవి వదిలేసి వెంటనే తనూ మూసేయాలి. 1.3లో ఒక దిశే మూసుకుంటుంది. మధ్యలో ప్రాక్సీ ఉంటే సాదా టీసీపీలో కూడా సగం మూయడం ఖాయం కాదు, కొన్ని రెండు దిశలూ మూసేస్తాయి. పొడవు ముందు పెట్టమనడానికి ఇంకో కారణం ఇది.

లినక్స్‌లో ఒకేసారి చాలా సాకెట్లను కనిపెట్టి చూసే ఈపోల్ వాడేవాళ్లకి ఒక్క మాట: అవతలి పక్క పంపడం ఆపిందని చెప్పే ఆర్‌డీహప్ ఈవెంట్ రాగానే క్లోజ్ చేయకండి. ఫిన్‌తో పాటే వచ్చిన చివరి బైట్లు ఇంకా బఫర్‌లో ఉండవచ్చు. సున్నా వచ్చేదాకా చదివాకే నిర్ణయం.

ఎక్కడ ఇరుక్కుందో తెలుసుకోవడానికి ఎస్ఎస్ కమాండ్‌తో సాకెట్ స్థితి చూడండి. మీ ఇప్పటి సమస్యలో రెండు పక్కలా ఎస్టాబ్లిష్డ్ అని ఉంటుంది, అంటే ఎవరూ ఫిన్ పంపలేదు. క్లోజ్ వెయిట్ కనిపిస్తే అవతలివాళ్లు ముగించారు, మీ కోడ్ ఇంకా క్లోజ్ చేయలేదు. అవి గుట్టగా పెరుగుతుంటే లీక్ మీ దగ్గరే. ఫిన్ వెయిట్ 2 అంటే మీరు ముగించారు, అవతలివాళ్లు ఇంకా పట్టుకున్నారు. చేత్తో పరీక్షించడానికి నెట్‌క్యాట్ వాడితే, ఓపెన్‌బీఎస్‌డీ రకంలో పెద్ద ఎన్ ఆప్షన్ ఇవ్వాలి. లేకపోతే ఇన్‌పుట్ అయిపోయినా అది షట్‌డౌన్ చేయదు, లోపం మీ సర్వర్‌లో ఉందనుకుని వెతుకుతూ కూర్చుంటారు.

మార్పులన్నీ చేశాక మూడు పరీక్షలు తప్పకుండా నడపండి. ఒకటి, క్లయింట్ ఒక్కో బైట్ పంపి పది మిల్లీసెకన్లు ఆగాలి, హెడర్‌తో సహా. సర్వర్ అప్పుడూ అదే ఫలితం ఇవ్వాలి. రెండు, పొడవు సరిగ్గా మీ బఫర్ పరిమాణానికి సమానమైన ఫైల్, ఆపైన దానికి ఒక బైట్ ఎక్కువ, ఒక బైట్ తక్కువ, ఖాళీ ఫైల్. మూడు, ఫైల్ సగంలో ఉండగా క్లయింట్‌ను కిల్ మైనస్ 9తో చంపండి. సర్వర్ లాగ్‌లో "మధ్యలో తెగింది" అని ఉండాలి, అసలు పేరుతో ఫైల్ కనిపించకూడదు.